మన బల్లార్షా ఎండల్లో పిల్లలకు గాలి టబ్, బౌన్సీ: ఏది కొనాలి, ఎట్లా కాపాడుకోవాలి

ఏప్రిల్ వచ్చిందంటే మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా, రాజురా వైపు మన తెలుగిళ్ళల్లో ఒకటే మాట నడుస్తుంది, పిల్లలకు గాలి టబ్ కొందామా, కొంటే ఎంత పెద్దది కొందామని. మధ్యాహ్నం 45 డిగ్రీలు దాటడం ఇక్కడ వార్త కాదు. బడికి సెలవులు, బయట వడగాలి, పిల్లలు కూలర్ ముందు నుంచి కదలరు, చేతిలో ఫోన్ దించరు. అట్లాంటి రోజుల్లో పొద్దున ఓ గంట, సాయంత్రం ఓ గంట నీళ్ళలో ఆడుకుంటే పిల్లలకు హాయి, ఇంట్లో వాళ్ళకూ హాయి, కాబట్టి కొనొద్దని నేను ఎవరికీ చెప్పను. కానీ చాలామంది డబ్బా మీద ఫొటో చూసి కొంటున్నారు. ఆ ఫొటోలో మెత్తటి పచ్చగడ్డి ఉంటుంది, మన వాకిట్లో నల్లరేగడి, ఫర్షీ బండలు, పల్లేరుకాయలు ఉంటాయి. ఫొటోలో నీళ్ళు అంచుదాకా ఉంటాయి, మన వాడలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. మీ వాకిలి, మీ నీళ్ళు, మీ ఎండ చూసుకుని కొనండి. చిన్నది కొనండి, గాలి కొంచెం తక్కువ కొట్టండి, నీళ్ళు తక్కువ పోయండి, రోజూ ఖాళీ చేయండి. ఈ నాలుగూ ఎందుకంటున్నానో కింద వివరంగా రాస్తున్నాను.

ముందు రకాలు తెలుసుకోవాలి, ఎందుకంటే రెంటికీ జాగ్రత్తలు పూర్తిగా వేరు. ఒకటి, గాలి కొట్టి మూత పెట్టేసేది. నీళ్ళ టబ్‌లు, ట్యూబులు, బాతు బొమ్మలు, చిన్న గాలి సోఫాలు అన్నీ ఇదే రకం, పీవీసీ ప్లాస్టిక్ షీటుతో చేస్తారు, లోపలి గాలి అట్లాగే ఉండిపోవాలి. రెండోది బౌన్సీ, పిల్లలు ఎక్కి గెంతే పెద్ద గాలి మెత్త, మహాకాళి జాతరలో మిక్కీ మౌస్ అని పిల్లలు ఎగబడేది, దానికే చిన్న రూపం ఇప్పుడు ఇళ్ళకు అమ్ముతున్నారు. దీనికి మూత ఉండదు, బ్లోయర్ ఆగకుండా నడుస్తూనే ఉండాలి, కుట్ల సందుల్లోంచి గాలి బయటికి పోతూనే ఉంటుంది, ఉండాలి కూడా. కొత్తగా తెచ్చినవాళ్ళు కుట్ల దగ్గర చెయ్యి పెట్టి చూసి చిల్లి పడిందని టెన్షన్ పడతారు, అది చిల్లి కాదు. ఇళ్ళకు అమ్మే బౌన్సీలు ఎక్కువగా ఆక్స్‌ఫర్డ్ అనే గట్టి నేత గుడ్డతో వస్తాయి, జాతరల్లో కిరాయికి తిప్పేవి మందపాటి పీవీసీ తార్పాలిన్‌తో చేస్తారు, దాని బరువు, మన్నిక వేరే లెక్క. పక్కింటి పిల్లలంతా కలిసి ఎక్కుతారనుకుంటే ఇంటి రకం తేవద్దు, పుట్టినరోజుకు ఒక్క పూట కిరాయికి తెచ్చుకోవడమే మేలు.

కొనేటప్పుడు

షాపుకు వెళ్ళే ముందు వాకిట్లో చాక్‌పీసుతో గీత గీయండి. టబ్ బయటి కొలత గీసి, దాని చుట్టూ పెద్దవాళ్ళు నడిచే చోటు కనీసం రెండు మూడడుగులు వదలండి, గోడ, మెట్లు, బండి, కూలర్ స్టాండు ఏవీ ఆ గీతలోకి రాకూడదు. చాలా ఇళ్ళల్లో ఈ గీత గీయగానే పెద్ద టబ్ ఆలోచన దానంతట అదే పోతుంది. ఇంకో సంగతి, డబ్బా మీద రాసే కొలత బయటి కొలత, గాలి గోడలు పోగా లోపల మిగిలేది చాలా తక్కువ. ఐదడుగుల టబ్ అంటే పిల్లలు కూర్చునే చోటు నాలుగడుగులు కూడా ఉండకపోవచ్చు.

ఇప్పుడు నీళ్ళ లెక్క. లోపల నాలుగడుగుల వెడల్పున్న గుండ్రటి టబ్‌లో ఎనిమిది అంగుళాల ఎత్తున నీళ్ళు పోస్తే సుమారు 235 లీటర్లు పడతాయి. ఆరడుగులు, నాలుగడుగుల లోపలి కొలత ఉన్న నలుపలకల టబ్‌లో అడుగెత్తు పోస్తే 680 లీటర్లు. అంటే చాలా ఇళ్ళ మీద ఉండే 500 లీటర్ల ట్యాంకు మొత్తం ఖాళీ చేసినా నిండదు. రోజూ మార్చాల్సిన నీళ్ళు ఇవి, మార్చలేమనుకుంటే ఆ సైజు మనకు కాదు. ఇద్దరు చిన్న పిల్లలకు మొదటి లెక్కలోని టబ్ సరిపోతుంది, అందులో ఆరు అంగుళాలు పోసినా చాలు, పిల్లలకు కావాల్సింది లోతు కాదు, చిందులేయడానికి నీళ్ళు, రెండు మగ్గులు, ఓ ప్లాస్టిక్ జల్లెడ.

స్లాబ్ మీద పెడదామని అడిగేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. వద్దు. లీటరు నీళ్ళు కిలో బరువు, అడుగు లోతు నీళ్ళంటే ప్రతి చదరపు మీటరు మీద 300 కిలోలు. మనుషులు ఎక్కి తిరిగే ఇంటి స్లాబ్‌కు, కట్టడాల మీద భారాలకు మన దేశం పెట్టుకున్న ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం లెక్కలోకి తీసుకునే భారం చదరపు మీటరుకు 1.5 కిలో న్యూటన్లు, అంటే 150 కిలోల చిల్లర. అది కూడా సరిగ్గా డిజైన్ చేసి కట్టిన స్లాబ్ సంగతి, మేస్త్రీ అంచనాతో వేసిన పాత స్లాబ్‌ల గురించి చెప్పక్కర్లేదు. పైగా టబ్ గోడ ఎక్కితే పిట్టగోడ పిల్లల నడుము దాకే వస్తుంది, అది తలుచుకుంటేనే నాకు భయం వేస్తుంది. టబ్ నేల మీదే ఉండాలి.

నాణ్యత విషయానికొస్తే, 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్ళలోపు పిల్లల ఆటబొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేశారు. కరెంటు లేని బొమ్మలకు ఐఎస్ 9873, కరెంటుతో నడిచేవాటికి ఐఎస్ 15644. డబ్బా మీద ముద్రతో పాటు సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్స్ నంబరు ఉంటుంది, దాన్ని ఫోన్‌లో, ఈ ముద్ర ఇచ్చే బీఐఎస్ సంస్థ వాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి, తయారీదారు పేరు రావాలి. గోల్ బజార్‌లో అయినా, నాగపూర్ ఇత్వారీలో అయినా, చుట్టాల పెళ్ళికి వెళ్ళి హైదరాబాద్ బేగంబజార్ నుంచి తెచ్చినా ఇదే పద్ధతి. షాపతను విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. డబ్బా విప్పగానే ముక్కు పగిలే ప్లాస్టిక్ వాసన వస్తే నేనైతే తీసుకోను, కొద్దిపాటి కొత్త వాసన మామూలే, గాలికి రెండు రోజులు ఆరేస్తే పోతుంది.

టబ్‌లలో షీటు మందం చాలా తక్కువ, 0.25 మిల్లీమీటర్లు మామూలు. ఎక్కువ మందం ఉన్నది దొరికితే వందో రెండొందలో ఎక్కువైనా అదే తీసుకోండి. గోడ ఒకే ట్యూబుగా ఉన్నదానికంటే రెండు మూడు విడి రింగులున్నది మేలు, ఒకదాని గాలి పోయినా మిగతావి నిలబెడతాయి. అడుగు కూడా గాలితో మెత్తగా ఉండేది ఫర్షీ మీద బాగా పనికొస్తుంది, కూర్చునే పసిపిల్లలకు దెబ్బ తగలదు. వాల్వ్ లోపలికి నొక్కి పెట్టేదిగా ఉండాలి, బయటికి పొడుచుకుని ఉంటే పిల్లల కాలి వేళ్ళు తగిలి మూత ఊడిపోతుంది. నీళ్ళు వదలడానికి అడుగున బిరడా ఉందో లేదో తప్పకుండా చూడండి. బిరడా లేని టబ్‌ను రోజూ వంచి పారబోయడం ఎవరి వల్లా కాదు, పారబోయకపోతే ఏమవుతుందో తర్వాత చెప్తాను. జారుడుబండ, గొడుగు, ఏనుగు తొండంలోంచి నీళ్ళు, ఇవన్నీ చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ ప్రతి అతుకూ లీకయ్యే ఇంకో చోటే.

గాలి కొట్టడం, ఎండ చేసే పని

మన దగ్గర టబ్‌లు పాడయ్యేది పిల్లల వల్ల కాదు, ఎక్కువగా ఎండలో పెట్టిన గాలి వల్ల. పొద్దున 28 డిగ్రీలప్పుడు బిర్రుగా కొట్టి వదిలేస్తారు. మధ్యాహ్నం ఎండలో ఆ ట్యూబులోని గాలి 60 డిగ్రీల దాకా వేడెక్కిందనుకోండి, అది పదో వంతు ఎక్కువ చోటు కోరుతుంది. షీటు అంత సాగదు, పైగా వేడికి మెత్తబడి ఉంటుంది, ఆ ఒత్తిడంతా అతుకుల మీద పడుతుంది. అతుకు దగ్గర తెల్లటి గీతలు కనపడుతున్నాయంటే అది సాగిపోతోందని అర్థం. అందుకే గోడను వేలితో నొక్కితే అర అంగుళం లోపలికి పోయేంత వదులుగా ఉంచండి, ఆట అయిపోయాక నీళ్ళు వదిలేసి, కొంచెం గాలి తీసి, నీడకు చేర్చండి. గాలి నింపేదీ పొద్దున చల్లటి పూటే.

దీనికి ఎదురుగా జరిగేది ఇంకోటి ఉంది. ఎండలో బిర్రుగా ఉన్న టబ్‌లో చల్లటి బోరు నీళ్ళు పోయగానే గోడలు వాలిపోతాయి. చల్లబడిన గాలి కుంచించుకుపోతుంది, కొత్త షీటైతే మొదటి రోజుల్లో కొంత సాగుతుంది కూడా. వెంటనే చిల్లి అని షాపు మీదకు పరిగెత్తకండి, కాస్త గాలి కలిపి రాత్రంతా నీడలో పెట్టి పొద్దున చూడండి, అట్లాగే ఉంటే ఏ తప్పూ లేదు.

“పంక్చర్ షాపులో ఒక్క నిమిషం పడితే అయిపోతది కదా తమ్మీ” అని మా వాడలో పెద్దాయన ఒకరు ఎప్పుడూ అంటుంటారు. వద్దు బాబాయ్ అని నేనూ ఎప్పుడూ అదే చెప్తాను. బైక్ టైర్లకు కొట్టే గాలి 25 నుంచి 35 పీఎస్ఐ, ఈ టబ్‌లకు కావాల్సింది ఒక్క పీఎస్ఐ కూడా కాదు. ఆ కంప్రెసర్ ముందు ఈ అతుకులు ఎంతసేపు నిలబడతాయి? కాలితో తొక్కే పంపు కొనుక్కోండి, లేదా గాలి బొమ్మల కోసమే అమ్మే చిన్న కరెంటు పంపు, దాంతో ముప్పావు వంతు నింపి చివర చేతి పంపుతో పూర్తి చేయండి. నోటితో ఊదడం చిన్న ట్యూబుకు సరే, టబ్‌కు ఊదితే తల తిరుగుతుంది, నోటి తడి లోపల చేరి బూజు పడుతుంది. హెయిర్ డ్రయర్ వేడిగాలి అసలు పెట్టొద్దు.

కింద వేసేది టబ్ కంటే ముఖ్యం అంటాను నేను. ముందు చీపురుతో ఊడ్చి, తర్వాత అరచేత్తో నేలంతా తడిమి చూడాలి, తుమ్మముల్లు, పల్లేరుకాయ కంటికి కనపడదు, చేతికి తెలుస్తుంది. దాని మీద పాత గోనెసంచులు, వాటి మీద తార్పాలిన్, వీలైతే పాత బొంత. పిల్లలు ఆడే చోటికి చెప్పులతో ఎవరూ రాకూడదు, పట్టీల మువ్వలు, జడ పిన్నులు, పదునైన బొమ్మలు అన్నీ తీసేశాకే లోపలికి. నేల వాలుగా ఉంటే నీళ్ళన్నీ ఒక పక్కకు చేరి ఆ గోడ తోసుకుపోతుంది, కాబట్టి సమంగా ఉన్న చోటే ఎంచుకోండి. వేపచెట్టు నీడ బాగుంటుంది, కాకులు పాడుచేయకుండా పైన నర్సరీల్లో అమ్మే ఆకుపచ్చ నెట్ కట్టండి. పొద్దున పదిలోపు, సాయంత్రం ఐదు దాటాక మాత్రమే ఆట, మధ్యలో ఎంత ఏడ్చినా వద్దు. నీళ్ళలో ఉన్నా వడదెబ్బ తగులుతుంది, పిల్లలకు దాహం తెలియదు, మధ్య మధ్యలో మజ్జిగ పట్టండి.

నీళ్ళు

మధ్యాహ్నం దాటాక ఇంటి మీద ఉన్న ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి, ముఖ్యంగా నల్ల ట్యాంకుల్లోవి. ఎండలో పడి ఉన్న పైపులో నిలిచిన మొదటి నీళ్ళు ఇంకా వేడి, పిల్ల మీద పోస్తే బొబ్బలెక్కుతాయి. పైపులో నీళ్ళు కాసేపు చెట్లకు వదిలి, మోచేతి లోపలి వైపు పోసి చూసుకుని తర్వాతే టబ్‌లోకి పెట్టండి.

ఈ చిన్న టబ్‌లకు ఫిల్టర్ ఉండదు. ఇద్దరు పిల్లలు గంట ఆడితే చెమట, మట్టి, మూత్రం అన్నీ అందులోనే. కొంతమంది బ్లీచింగ్ పౌడర్ వేసి అవే నీళ్ళు నాలుగు రోజులు వాడతారు, ఇంత తక్కువ నీళ్ళలో ఎంత వేయాలో సరిగ్గా తూకం కుదరదు, ఎక్కువైతే కళ్ళు మండుతాయి, తక్కువైతే క్రిములు చావవు, ఎండకు అది ఎట్లాగూ త్వరగా ఎగిరిపోతుంది. కాబట్టి మందు కాదు, మార్చడమే. సాయంత్రం ఆట కాగానే బిరడా తీసి, పైపు పెట్టి, ఆ నీళ్ళు మొక్కలకు మళ్ళించండి, వాకిలి చల్లండి, ఒక్క చుక్క వృథా కాదు. పిల్లలకు సబ్బు పూసి స్నానం టబ్ బయట చేయిస్తే నీళ్ళు మొక్కలకు పనికొస్తాయి. విరేచనాలు అవుతున్న పిల్లను ఆ రోజు నీళ్ళలోకి దింపొద్దు. ఎవరైనా అందులోనే పాడు చేస్తే అందరినీ బయటికి తీసి, ఖాళీ చేసి, సబ్బుతో కడిగి, ఎండబెట్టాకే మళ్ళీ.

ఖాళీ చేయకపోతే రెండు ప్రమాదాలు. ఒకటి దోమ. డెంగ్యూ తెచ్చే దోమ మురికి కాల్వలో కాదు, ఇట్లాంటి శుభ్రమైన నిలవ నీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. ఈ వేడికి గుడ్డు నుంచి దోమ అవడానికి వారం పది రోజులు చాలు. కూలర్ ట్యాంకు వారానికోసారి కడగమని మున్సిపాలిటీ వాళ్ళు చెప్పేది ఇందుకే, టబ్‌నైతే రోజూ ఖాళీ చేయాలి. ఆ గుడ్లు నీళ్ళ అంచుకు కాస్త పైన గోడకు అంటుకుని ఉంటాయి, ఎండినా నెలల తరబడి బతుకుతాయి, కాబట్టి పారబోయడం ఒక్కటే కాదు, గోడల్ని గుడ్డతో రుద్దాలి.

రెండోది అంతకంటే పెద్దది. పసిపిల్ల మునగడానికి రెండంగుళాల నీళ్ళు చాలు. అరుపు వినపడుతుంది, నీళ్ళు కొట్టుకున్న చప్పుడు వస్తుంది అనుకుంటాం, రాదు, ఏ శబ్దం లేకుండా జరిగిపోతుంది. అందుకే చిన్న పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపు చెయ్యి చాస్తే అందేంత దగ్గర ఒక పెద్దమనిషి కూర్చోవాలి, ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు. “అందరం ఉన్నాం కదా” అన్న చోటే ఎవరూ చూడరు, కాబట్టి వదినా ఇప్పుడు నువ్వు, పావుగంట తర్వాత నేను అని నోరు తెరిచి చెప్పుకోండి. అక్కకు ఎనిమిదేళ్ళున్నా తమ్ముణ్ణి అక్కకు అప్పజెప్పి లోపలికి పోవద్దు. తలుపు కొడితే, పాలు పొంగితే, పిల్లను ఎత్తుకుని వెళ్ళండి.

ఇక్కడే ఇంకో మాట. గాలి ట్యూబులు, చేతులకు తొడిగే గాలి బ్యాండ్లు ఆటవస్తువులే, ప్రాణం కాపాడేవి కావు. ఇంట్లో వాడినవే సెలవుల్లో వార్ధా నదికో, ఇరైకో, సిరోంచ దగ్గర ప్రాణహిత గోదావరిలో కలిసే చోటికో పట్టుకెళ్తున్నారు. గాలి వీస్తే ట్యూబు పిల్లతో సహా మధ్యలోకి కొట్టుకుపోతుంది, కింద లాగే నీళ్ళ ముందు దానికి ఏ బలమూ లేదు. వదిలేసిన బొగ్గు గనుల గుంతల్లో నీళ్ళు ప్రశాంతంగా కనపడతాయి, ఒడ్డు నుంచి ఒక్క అడుగేస్తే లోతు, అక్కడికి అసలే వద్దు.

బౌన్సీ తెచ్చినవాళ్ళకు

బౌన్సీలో భయపడాల్సింది గాలికి, కరెంటుకు, ఒకరి మీద ఒకరు పడటానికి. గాలి సంగతి ముందు. మే నెల సాయంత్రాల్లో ఇక్కడ ఉన్నట్టుండి దుమ్ము లేచి గాలిదుమారం వస్తుంది, ఐదు నిమిషాల ముందు ఆకు కూడా కదలదు. ఐరోపా వాళ్ళ ఈఎన్ 14960 ప్రమాణం గంటకు 38 కిలోమీటర్ల గాలి దాటితే బౌన్సీ నడపొద్దంటుంది, కనీసం ఆరు చోట్ల కట్టాలంటుంది, ఒక్కో కట్టు దాదాపు 163 కిలోల లాగుడును తట్టుకోవాలంటుంది. నేలలో దిగగొట్టే ఇనుప మేకు 38 సెంటీమీటర్ల పొడవు, 16 మిల్లీమీటర్ల లావు ఉండాలి. ఈ లెక్కలు కిరాయి బౌన్సీలకు, ఇంటి చిన్నవాటికి తయారీదారు చెప్పిన లెక్క ఉంటుంది, కానీ డబ్బాలో వచ్చే ప్లాస్టిక్ మేకులు చూస్తే మనకు సంగతి అర్థం కావాలి. మన నల్లరేగడి ఎండాకాలంలో పగుళ్ళు బారి ఉంటుంది, మేకు దిగుతుంది గానీ పట్టు ఉండదు. దిగగొట్టాక తాడు పట్టి గట్టిగా లాగి చూడండి, కదిలిందంటే చోటు మార్చండి. ఫర్షీ మీదైతే మేకులు కుదరవు, ఒక్కో మూలకు ఓ ఇసుక సంచి పెట్టి సరిపోయిందనుకోవద్దు.

2021 డిసెంబరు 16న ఆస్ట్రేలియాలోని టాస్మేనియా రాష్ట్రంలో, డెవన్‌పోర్ట్ అనే ఊళ్ళో, ఒక బడిలో ఏడాది చివరి సంబరం రోజు బౌన్సీ గాలికి లేచిపోయింది, ఆరుగురు పిల్లలు చనిపోయారు. ఇది చదివాక నేను ఒకటే నియమం పెట్టుకోమంటాను: చెట్ల కొమ్మలు ఊగుతుంటే, పడమట మబ్బు నల్లబడుతుంటే, పిల్లల్ని దింపి బ్లోయర్ ఆపేయండి, మళ్ళీ రేపు ఆడుకోవచ్చు.

కరెంటు పోతే బౌన్సీ ఒకటి రెండు నిమిషాల్లో కూలిపోతుంది, గుడ్డ పిల్లల మీద కప్పుకుపోతుంది. మన దగ్గర కరెంటు పోవడం కొత్త కాదు కాబట్టి ఒక పెద్దమనిషి గుమ్మం దగ్గరే ఉండి, బ్లోయర్ చప్పుడు ఆగగానే అందరినీ బయటికి లాగాలి. బ్లోయర్ వైరు పిల్లల దారిలో ఉండకూడదు, ఎక్స్‌టెన్షన్ బాక్సు తీగ చుట్టగా ఉంచకుండా మొత్తం విప్పి పరవాలి, చుట్టగా ఉంటే వేడెక్కుతుంది. ఇంట్లో 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉన్న లైన్ నుంచే కరెంటు తీసుకోండి, లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పెట్టించుకోండి, నీళ్ళ జారుడుబండ రకమైతే ఇది లేకుండా ఆన్ చేయనే వద్దు. బ్లోయర్ తడి తగలని చోట, ఇటుకల మీద, వెనక దుమ్ము పీల్చకుండా పెట్టండి. ఖర్చుకు భయపడక్కర్లేదు, 450 వాట్ల బ్లోయర్ రెండు గంటలు నడిస్తే ఒక యూనిట్ కూడా కాదు.

అమెరికాలో 2010లో బౌన్సీ దెబ్బలతో రోజుకు సగటున 31 మంది పిల్లలు ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్ళారని లెక్క తీశారు. ఎక్కువగా విరిగేవి, బెణికేవి చేతులూ కాళ్ళూ, పెద్ద పిల్ల ఎగిరి చిన్న పిల్ల మీద పడితే దెబ్బ చిన్నదానికే. కాబట్టి వయసు ప్రకారం వంతులు వేయండి, చిన్నవాళ్ళు పది నిమిషాలు, పెద్దవాళ్ళు పది నిమిషాలు. పల్టీలు వద్దు. నోట్లో చాక్లెట్ ఉంటే మింగాకే లోపలికి.

చిల్లి పడితే

టబ్ గాలి రాత్రికి రాత్రి పోతుంటే సబ్బు నురగ చేసి స్పాంజితో అంతా రాయండి, ముందు వాల్వ్ చుట్టూ, తర్వాత అతుకుల మీద, చివరికి మామూలు చోట్ల. బుడగలు లేచిన చోట పెన్నుతో గుండ్రంగా గీయండి, తడిసినా పోని పెన్ను అయితే మంచిది. ఇప్పుడు గాలి మొత్తం తీసేసి, ఆ చోటు సబ్బుతో కడిగి, ఆరాక మెడికల్ షాపులో దొరికే స్పిరిట్‌తో తుడవాలి. ప్యాచ్ ముక్క మూలలు లేకుండా గుండ్రంగా కత్తిరించండి, మూల ఉంటే అక్కడి నుంచే లేస్తుంది, చిల్లి చుట్టూ అన్ని వైపులా కనీసం అంగుళం దాటాలి. సైకిల్ ట్యూబుకు వేసే సొల్యూషన్ రబ్బరుకు పనిచేసేది, పీవీసీని సరిగ్గా పట్టుకోదు. ఫెవిక్విక్ గట్టిపడి పెళుసవుతుంది, టబ్ మడత పడగానే పగిలి చిల్లి పెద్దదవుతుంది. పీవీసీ షీట్లకు, తార్పాలిన్లకు వాడే గమ్ అడిగి తెచ్చుకోండి, పైపులకు పూసేది కాదు. ప్యాచ్ అంటించి మీద బరువైన పుస్తకాలు పెట్టి ఒక పూర్తి రోజు కదిలించకండి. టేపు అతికించి వెంటనే గాలి కొట్టేవాళ్ళకు గంటలో మళ్ళీ అదే పని.

చిల్లి సరిగ్గా అతుకు మీద ఉంటే నిజం చెప్పాలంటే ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు, నాలుగు రోజులు ఆగుతుంది, మళ్ళీ పోతుంది. అప్పుడు ఆ షీటు కోసి కూలర్ మీద కప్పడానికో, కట్టెల మీద వేయడానికో వాడుకోండి. బౌన్సీ గుడ్డ చిరిగితే మాత్రం సంచులు కుట్టే వాళ్ళ దగ్గర గట్టి నైలాన్ దారంతో రెండు వరసలు కుట్టించండి, చిన్న చిరుగునే కుట్టించాలి, ఆగితే గాలి తోపుకు ఒక్క పూటలో మూర పొడవు చీరుతుంది.

కడగడానికి, దాచడానికి

రోజూ మామూలు నీళ్ళు, మెత్తటి గుడ్డ, వారానికోసారి గిన్నెల సబ్బు కొంచెం, అంతకంటే ఏమీ అక్కర్లేదు. ఫినాయిల్, యాసిడ్, థిన్నర్ షీటును తినేస్తాయి, పిల్లల చర్మానికీ మంచివి కావు. స్టీలు పీచు గీతలు పెడుతుంది. బోరు నీళ్ళకు గోడ మీద తెల్లటి పొర కడుతుంది, వెనిగర్‌లో సమానంగా నీళ్ళు కలిపి గుడ్డతో రుద్ది బాగా కడిగేస్తే పోతుంది, నిమ్మచెక్కతో రుద్దినా చాలావరకు వస్తుంది.

జూన్‌లో మొదటి వానలు పడగానే తీసి దాచేయాలి, ఇక్కడ వానాకాలం అంటే నాలుగు నెలల తడి. గాలి సగం ఉంచి, బోర్లించి, నీడలో ఆరబెట్టండి, అతుకుల సందుల్లో, వాల్వ్ గుంతలో నీళ్ళు నిలుస్తాయి, అక్కడ గుడ్డ మూల పెట్టి పీల్చాలి. పూర్తిగా ఆరిందో లేదో అనుమానం ఉంటే ఇంకో పూట ఆగండి, తడితో మడిస్తే నల్ల బూజు పడుతుంది, ఆ మచ్చలు మళ్ళీ పోవు. ఆరాక లోపలా బయటా టాల్కం పౌడర్ పలచగా చల్లి, గట్టి మడతలు పెట్టకుండా చాపలా చుట్టండి. ఎలుకలున్న ఇళ్ళల్లో అటక మీద సంచిలో పెట్టడం దండగ, మూత ఉన్న స్టీలు డ్రమ్ములోనో, ఇనుప పెట్టెలోనో పెట్టండి. కలరా ఉండలు అందులో వేయొద్దు, పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువది. ప్యాచ్ ముక్కలు, బిరడా, పంపు మూతి అన్నీ ఒక చిన్న కవర్లో వేసి దానితోనే ఉంచండి. వచ్చే ఎండాకాలం పిల్లలకు చెప్పకముందే ఒక రాత్రి గాలి కొట్టి వదిలి చూడండి, పోతుంటే ప్యాచ్ వేసి ఆరడానికి ఒక రోజు దొరుకుతుంది.